ఈ-పుస్తకాలలో సంభాషణల విరామచిహ్నాలు

ఈ-పుస్తకాలలో సంభాషణల విరామచిహ్నాలు అనగా, అచ్చు పుస్తకాన్ని గానీ కంప్యూటరులో టైపు చేసిన రాతప్రతిని గానీ ఈ-పుస్తకంగా మార్చేటప్పుడు, పాత్రల మాటలను కథనం నుండి వేరుచేసి చూపడానికి వాడే గుర్తులు మరియు వాటి అమరిక పద్ధతులు. వీటిలో ఉద్ధరణ చిహ్నాలు (కొటేషన్ మార్కులు), అడ్డగీత (డాష్), మూడు చుక్కలు, పేరా ఆరంభంలో వదిలే ఖాళీ, నాటకాలలో పాత్ర పేరు తరువాత ఉంచే గుర్తు ముఖ్యమైనవి. చూడడానికి ఇవి చిన్న విషయాలే. అయినా నవలలు, కథలు, నాటకాల మార్పిడిలో అక్షరాల తరువాత ఎక్కువగా చెడిపోయేవి ఇవే. ముగింపు గుర్తు ఒక్కటి రాలిపోతే పాత్ర మాట ఎక్కడ ఆగినదో, రచయిత మాట ఎక్కడ మొదలైనదో పాఠకునికి తెలియదు. ముద్రణలో లేని పుస్తకానికి ఈ-పుస్తకమే అందుబాటులో ఉన్న ఏకైక ప్రతి అయినప్పుడు, ఆ తప్పే మూలపాఠంగా స్థిరపడిపోయే ప్రమాదం ఉన్నది.

ఈ వ్యాసం ప్రధానంగా తెలుగు పుస్తకాల మార్పిడి గురించినది. ఇతర భాషల పద్ధతులు అవసరమైన మేరకే ప్రస్తావించబడినవి.

తెలుగులో సంభాషణను గుర్తించే తీరు

తాళపత్ర గ్రంథాలలో ఉద్ధరణ చిహ్నాలు లేవు. పద్యం చివర, వాక్యం చివర నిలువు గీత (దండం) ఉంచడం మాత్రమే వాడుకలో ఉండేది. అయినా పాఠకులకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. ఎందుకనగా తెలుగులో ఇతరుల మాటను చెప్పిన తరువాత ‘అని’, ‘అనుచు’, ‘అనిన’ వంటి పదం తప్పనిసరిగా వస్తుంది. కావ్యాలలోనూ, పురాణాలలోనూ ఈ పదమే ముగింపు గుర్తు పని చేస్తుంది. 19వ శతాబ్దంలో అచ్చు పుస్తకాలు వ్యాపించిన తరువాత ఆంగ్ల పుస్తకాల నుండి కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం, ఉద్ధరణ చిహ్నాలు తెలుగులోనికి వచ్చాయి. వచన రచనలు, ముఖ్యంగా నవలలు పెరిగిన కొద్దీ ఇవి స్థిరపడినవి.

‘అని’ అనే పదం మాట ఎక్కడ ముగిసినదో చెబుతుంది గానీ ఎక్కడ మొదలైనదో చెప్పదు. ఈ విషయం మార్పిడి చేసేవారు గుర్తుంచుకోదగినది. ఉదాహరణకు, తమ్ముడు నిన్న నాన్న వచ్చాడు అని చెప్పాడు అనే వాక్యాన్ని తీసుకుంటే, దీనికి రెండు అర్థాలున్నాయి:

తమ్ముడు “నిన్న నాన్న వచ్చాడు” అని చెప్పాడు.
తమ్ముడు నిన్న “నాన్న వచ్చాడు” అని చెప్పాడు.

మొదటి దానిలో నాన్న వచ్చినది నిన్న. రెండవ దానిలో తమ్ముడు చెప్పినది నిన్న. ఇక్కడ తేడా అంతా ఆరంభ చిహ్నం ఉన్న చోటులోనే ఉన్నది. అందువలన తెలుగులో ఆరంభ చిహ్నం పోతే కలిగే నష్టం ఎక్కువ. ఆంగ్లంలో మాట మొదలయ్యే చోట పెద్ద అక్షరం వస్తుంది కనుక చిహ్నం రాలిపోయినా కొంత ఆధారం మిగులుతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు కనుక ఆ ఆధారం కూడా ఉండదు.

ఇంకొక భేదం క్రియ చోటు. ఆంగ్లంలో మాటకూ, అన్నాడు అనే క్రియకూ నడుమ కామా ఉంచి దానిని చిహ్నం లోపల చేరుస్తారు. తెలుగులో ఆ కామా అవసరం లేదు. “రేపు వస్తాను” అన్నాడు రామయ్య అని రాస్తే సరిపోతుంది. మాట పూర్తి వాక్యమైతే లోపల ఫుల్‌స్టాప్ ఉంచాలా వద్దా అనే విషయంలో ప్రచురణకర్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. “రేపు వస్తాను.” అన్నాడు అని కొందరు, చుక్క లేకుండా మరికొందరు అచ్చు వేస్తారు. అసలు వాక్యం అన్నాడు దగ్గర ముగుస్తున్నది కనుక లోపలి చుక్క వద్దనే వాదన సబబుగా తోస్తుంది. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం మాత్రం మాటలో భాగం కనుక ఎప్పుడూ లోపలే ఉంటాయి. ఏ పద్ధతి అయినా పుస్తకం మొత్తానికి ఒకటే ఉండాలి. పాత పుస్తకాన్ని మార్చేవారు తమకు నచ్చిన పద్ధతిని రుద్దడం కంటే మూల ముద్రణను అనుసరించడమే మేలు.

తెలుగు వాడుకలో సాధారణంగా మాటకు జంట చిహ్నాలు, మాటలోని మాటకు ఒంటి చిహ్నాలు వాడుతారు. అమెరికా ఆంగ్ల పద్ధతి కూడా ఇదే. బ్రిటిషు ప్రచురణలలో ఇది తరచుగా తిరగబడి, ఒంటి చిహ్నం బయట, జంట చిహ్నం లోపల ఉంటుంది. పుస్తకాల పేర్లకు, ప్రత్యేకంగా చూపదలచిన పదాలకు కూడా తెలుగులో ఒంటి చిహ్నాలే వాడుతారు. విభక్తి ప్రత్యయం చిహ్నం తరువాత ఖాళీ లేకుండా చేరుతుంది (‘కన్యాశుల్కం’లో). ఈ చేర్పు వలన వచ్చే చిక్కులు కింద వివరించబడినవి.

గుర్తులు, వాటి సంకేతాలు

టైపురైటరులో మీటల సంఖ్య తక్కువ కనుక ఆరంభ, ముగింపు చిహ్నాలకు ఒకే నిలువు గుర్తును వాడేవారు. కంప్యూటరు కీబోర్డు ఆ అలవాటునే కొనసాగించింది. దీనిని నిలువు చిహ్నం అంటారు; యూనికోడులో జంట నిలువు చిహ్నానిది 0022వ స్థానం, ఒంటి నిలువు చిహ్నానిది 0027వ స్థానం (ఈ సంఖ్యలన్నీ షోడశాంశ పద్ధతిలోనివి). అచ్చులో కనిపించే వంపు చిహ్నాలు వేరు. ఒంటి ఆరంభ చిహ్నం 2018, ఒంటి ముగింపు చిహ్నం 2019, జంట ఆరంభ చిహ్నం 201సి, జంట ముగింపు చిహ్నం 201డి. పొడుగు డాష్ 2014, మధ్యస్థ డాష్ 2013, ఒకే అక్షరంగా ఉండే మూడు చుక్కలు 2026. తెలుగు అక్షరాలకు కేటాయించిన 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు గల భాగంలో ఈ చిహ్నాలేవీ లేవు. తెలుగు వచనం వీటిని అన్ని లిపులకు ఉమ్మడిగా ఉన్న భాగాల నుండే తీసుకుంటుంది. దండం సైతం దేవనాగరి భాగంలోని 0964నే వాడుకోవాలి.

ఈ ఉమ్మడితనం వలన ఒక చిక్కు ఉన్నది. పుస్తకంలో పొదిగిన తెలుగు ఖతిలో (ఫాంటులో) వంపు చిహ్నాల బొమ్మలు లేకపోతే, చదివే పరికరం వాటిని వేరొక ఖతి నుండి తెచ్చి చూపుతుంది. అప్పుడు అక్షరాలు ఒక తీరుగా, చిహ్నాలు మరొక తీరుగా, కొన్నిసార్లు ఎత్తు తేడాతో కనిపిస్తాయి. కాబట్టి ఖతిని ఎంచుకునేటప్పుడు అక్షరాల అందంతో బాటు ఈ ఏడెనిమిది గుర్తులు ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

పాత విండోస్ సంకేత పద్ధతి (విండోస్-1252) వంపు చిహ్నాలను 91 నుండి 94 వరకు గల స్థానాలలో ఉంచింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క వంపు చిహ్నం మూడు బైట్లు తీసుకుంటుంది. యూటీఎఫ్-8లో భద్రపరచిన ఫైలును పాత విండోస్ పద్ధతిలో తెరిస్తే, ప్రతి చిహ్నం చోటా మూడు వింత అక్షరాలు వరుసగా కనిపిస్తాయి. ఆంగ్ల ఫైలులో ఈ పొరపాటు చిహ్నాలకే పరిమితం కనుక కొన్నాళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండవచ్చు. తెలుగు ఫైలులో మొత్తం పాఠమే చెడిపోతుంది కనుక వెంటనే తెలిసిపోతుంది. ఇది ఒక విధంగా మేలే.

1971లో మైకేల్ హార్ట్ ప్రారంభించిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ తన తొలి పుస్తకాలను ఏ కంప్యూటరులోనైనా తెరవగలిగేలా సాదా ఆస్కీ పాఠంగా ఉంచింది. అందులో నిలువు చిహ్నాలు, డాష్ బదులు రెండు హైఫన్లు, వాలు అక్షరాలకు ఇరువైపులా కిందిగీతలు కనిపిస్తాయి. అటువంటి పాఠాన్ని తీసుకొని ఈ-పుస్తకం తయారుచేసేవారు వీటన్నిటినీ తిరిగి అసలు గుర్తులుగా మార్చుకోవాలి.

పాత ఖతులు, పీడీఎఫ్‌లు, స్కానింగు ప్రతులు

తెలుగు పుస్తకాల మార్పిడిలో అతి కష్టమైన భాగం ఇదే. 1990లలోనూ, 2000ల తరువాత కూడా చాలాకాలం తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్లలో, అను వంటి సంస్థల ఖతులతో తయారయ్యాయి. ఆ ఖతులు యూనికోడును అనుసరించవు. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు గుణింతాలను, ఒత్తులను ముక్కలుగా అమర్చినవి. తెలుగుకు కావలసిన ముక్కలు ఎక్కువ, ఉన్న స్థానాలు తక్కువ. అందువలన మామూలుగా విరామచిహ్నాలు ఉండవలసిన కొన్ని స్థానాలను కూడా అక్షరభాగాలు ఆక్రమించుకున్నాయి. ఇటువంటి ఫైలును యూనికోడులోనికి మార్చే ఉపకరణం ఒక స్థానంలో ఉన్నది ఒత్తో, కొటేషనో పొరబడితే, సంభాషణ మొదట్లో అర్థంలేని ఒత్తు ఒకటి ప్రత్యక్షమవుతుంది. లేదా పదంలోని ఒత్తు పోయి కొటేషన్ మిగులుతుంది. ఒకే పుస్తకంలో శీర్షికలకు ఒక ఖతి, పాఠానికి మరొకటి వాడి ఉంటే ఏ భాగం ఏ ఖతిలో ఉన్నదో తెలియకుండా మార్చడం వ్యర్థం. మార్పిడికి ముందే పేజ్‌మేకర్ ఫైలులో ఖతుల పేర్లు రాసుకొని, ఒక్కొక్క ఖతి భాగాన్ని విడిగా మార్చడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

తొలినాళ్ళ తెలుగు ఈ-పుస్తకాలు చాలావరకు పీడీఎఫ్ రూపంలో వచ్చాయి. పీడీఎఫ్‌లో పుట ఎలా కనిపించాలో స్థిరంగా ఉంటుంది కనుక చిహ్నాలు చెదరవు. దానిలోని పాఠాన్ని బయటకు తీయబోతే మాత్రం గుణింతాల వరుస తారుమారవుతుంది, ప్రతి పంక్తి చివర పేరా విరిగిపోతుంది. సంభాషణలు ఎక్కువగా ఉన్న పుటలలో ఈ విరుపులను యంత్రంతో అతికించడం ప్రమాదకరం. పొడవైన పంక్తి తరువాత వచ్చిన రెండవ పాత్ర జవాబు మొదటి పాత్ర మాటకు అతుక్కుపోతుంది. ఇద్దరి మాటలు ఒకే పేరాలో పడితే, పేర్లు లేని వరుస సంభాషణలో అక్కడి నుండి చివరి వరకు ఎవరు ఏమన్నారో తలకిందులవుతుంది.

స్కానింగు ప్రతి నుండి ఓసీఆర్ (అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు) ద్వారా పాఠం తీసినప్పుడు వచ్చే తప్పులు వేరు. పాత అచ్చులో చెదిరిన జంట చిహ్నం రెండు ఒంటి చిహ్నాలుగానో, రెండు కామాలుగానో చదవబడుతుంది. సున్న (ం) బదులు అంకె సున్నా రావడం అందరికీ తెలిసినదే. నాటకాలలో పాత్ర పేరు పక్కన ఉండవలసిన కోలన్ బదులు విసర్గ (ః) రావడం అంతకంటే మోసకరమైనది. కంటికి రెండూ దాదాపు ఒకటే. టైపు చేసేవారు కూడా ఈ పొరపాటు చేస్తారు. విసర్గతో ముగిసే పదాలన్నిటినీ వెదికి చూడడం వలన ఇవి బయటపడతాయి. మాటలను సాగదీసి పలకడాన్ని చూపే అవగ్రహం (ఽ) తెలుగు యూనికోడులోనికి 2008లో 5.1వ సంచికతో వచ్చింది. అంతకు ముందు టైపు చేసిన పాఠాలలో దాని బదులు ఒంటి కొటేషనో, ఆంగ్ల అక్షరమో ఉండవచ్చు. ఆ ఒంటి కొటేషన్‌ను మాటలోని మాటకు ఆరంభంగా పొరబడరాదు.

తెలుగు వికీసోర్సులో పుట బొమ్మను పక్కన ఉంచుకొని పాఠాన్ని దిద్దే ఏర్పాటు ఉన్నది. అక్కడ దిద్దిన పుస్తకాలను ఈపబ్ రూపంలో దించుకోవచ్చు. చిహ్నాల విషయంలో బొమ్మతో సరిపోల్చడానికి మించిన పద్ధతి లేదు.

వర్డు ఫైళ్ళు, స్టైళ్ళు

నేటి రచయితలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వర్డులో గానీ లిబ్రెఆఫీసులో గానీ రాతప్రతిని తయారుచేస్తారు. వర్డు తెలుగును సంక్లిష్ట లిపిగా పరిగణించి దానికి ఒక ఖతి, ఒక పరిమాణం కేటాయిస్తుంది. కొటేషన్లు, చుక్కలు మాత్రం లాటిన్ లిపి ఖతిని తీసుకోవచ్చు. పేరాలో తెలుగు 14 పాయింట్లలోనూ, దానిని చుట్టుకున్న కొటేషన్ 11 పాయింట్లలోనూ ఉండడానికి కారణం ఇదే. బొద్దు అక్షరాల అమరిక కూడా రెండు లిపులకు వేరువేరుగా నమోదవుతుంది. ఇటువంటి ఫైలును ఈపబ్‌గా మారిస్తే ఒక్కొక్క సంభాషణ మూడు నాలుగు ముక్కలుగా, ప్రతి ముక్కకు ఒక స్పాన్ ట్యాగుతో తయారవుతుంది. పైకి కనిపించకపోయినా, చదివేవారు ఖతి మార్చుకున్నప్పుడు చిహ్నాలు మాత్రం పాత రూపంలో, పాత పరిమాణంలో నిలిచిపోతాయి. దీనికి విరుగుడు ఒక్కటే: పాఠం అంతటి నుండి నేరుగా ఇచ్చిన అమరికలను తొలగించి, స్టైళ్ళ ద్వారానే రూపాన్ని నిర్ణయించడం.

సంభాషణకు ప్రత్యేకమైన పేరా స్టైలు అవసరమా అనే ప్రశ్న తరచుగా వస్తుంది. మామూలు నవలకు అవసరం లేదు. కథనానికీ సంభాషణకూ ఒకే పేరా స్టైలు చాలును. ప్రతి కొత్త పాత్ర మాట కొత్త పేరాగా మొదలై, మొదటి పంక్తి ముందు ఒక అక్షరమంత ఖాళీ ఉంటే సరిపోతుంది. ఈ ఖాళీని ట్యాబ్ మీటతోనో స్పేస్‌బార్‌తోనో ఇవ్వరాదు. ఈ-పుస్తకం హెచ్‌టీఎంఎల్ ఆధారంగా ఉంటుంది, అందులో వరుస ఖాళీలన్నీ ఒకే ఖాళీగా కుదించబడతాయి. సీఎస్ఎస్‌లోని టెక్స్ట్-ఇండెంట్ అనే లక్షణంతోనే ఇవ్వాలి. పేరాల నడుమ ఖాళీ పంక్తి కూడా వదిలి, మొదట ఖాళీ కూడా ఇస్తే చిన్న తెరపై రెండు మూడు మాటలకే పుట నిండిపోతుంది. సంభాషణలు ఎక్కువగా ఉన్న పుస్తకాలలో పేరాల నడుమ దూరం సున్నాగా ఉంచి, దృశ్యం మారిన చోట మాత్రమే ఖాళీ పంక్తి ఇవ్వడం మంచిది. తెలుగు పదాలు పొడవైనవి కనుక, పంక్తులను రెండు వైపులా సమంగా సరిచేస్తే (జస్టిఫై) చిన్న తెరలపై కొటేషన్ పక్కన పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ వైపు మాత్రమే సరిచేయడం కంటికి హాయిగా ఉంటుంది.

హెచ్‌టీఎంఎల్‌లో క్యూ అనే ట్యాగు ఉన్నది. దాని నడుమ రాసిన మాటకు చదివే పరికరమే చిహ్నాలు చేరుస్తుంది. సిద్ధాంతరీత్యా ఇది చక్కని ఏర్పాటు. కానీ అలా చేరిన చిహ్నాలు పాఠంలో భాగం కావు. వెదికితే దొరకవు, నకలు చేస్తే రాకపోవచ్చు, స్టైళ్ళను పట్టించుకోని పరికరంలో కనిపించకపోవచ్చు. ఈ-పుస్తకాలకు చిహ్నాలను నేరుగా టైపు చేయడమే క్షేమం.

ఈపబ్ అనే ప్రమాణం 1999 నాటి ఓపెన్ ఈబుక్ నుండి పెరిగినది. 2007లో ఈపబ్ 2, 2011లో ఈపబ్ 3 వెలువడ్డాయి. దానిని నిర్వహించిన ఐడీపీఎఫ్ 2017లో డబ్ల్యూ3సీలో విలీనమైనది. పొదిగిన ఖతులు, సీఎస్ఎస్ లక్షణాలు ఒక్కొక్క పరికరంలో ఒక్కొక్క తీరుగా అమలవుతాయి కనుక, సంభాషణ స్వరూపం ఏదో ఒక అరుదైన లక్షణంపై ఆధారపడకుండా చూసుకోవాలి.

నిలువు చిహ్నాలను వంపు చిహ్నాలుగా మార్చడం

వర్డు టైపు చేస్తున్నప్పుడే నిలువు చిహ్నాన్ని వంపు చిహ్నంగా మారుస్తుంది. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కూడా మార్పిడి సమయంలో ఈ పని చేసే సదుపాయం ఉన్నది. అది జాన్ గ్రూబర్ రూపొందించిన స్మార్టీప్యాంట్స్ అనే పద్ధతిని అనుసరిస్తుంది. సూత్రం సులువు: ముందు ఖాళీ ఉన్నా, పేరా మొదట్లో ఉన్నా అది ఆరంభ చిహ్నం, లేకపోతే ముగింపు చిహ్నం.

తెలుగు రాతప్రతులలో ఈ సూత్రం విఫలమయ్యే సందర్భాలు కలవు. చాలామంది ప్రశ్నార్థకానికి ముందు, ముగింపు కొటేషన్‌కు ముందు ఖాళీ వదిలే అలవాటు కలిగి ఉంటారు. వస్తావా అనే మాట తరువాత ఖాళీ, ప్రశ్నార్థకం, మరొక ఖాళీ, ఆపై కొటేషన్ ఉంటే, ఆ కొటేషన్ ఆరంభ చిహ్నంగా మారుతుంది. అందుచేత మార్పిడికి ముందు విరామచిహ్నాల ముందున్న ఖాళీలను తొలగించాలి. డాష్ తరువాత, బ్రాకెట్ తరువాత మొదలయ్యే మాటలలో దీనికి విరుద్ధంగా ఆరంభ చిహ్నం బదులు ముగింపు చిహ్నం పడే అవకాశం ఉన్నది.

మరొక చిక్కు సాఫ్ట్‌వేర్లలో అంతర్గతంగా వాడే నమూనా-శోధన (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) వలన వస్తుంది. పైథాన్ భాషలోని సాధారణ శోధన గ్రంథాలయం గుణింత గుర్తులను, సున్నను, పొల్లును పదంలోని అక్షరాలుగా లెక్కించదు. దాని లెక్కలో పదం గుణింతం దగ్గరే ముగిసిపోతుంది. ఆంగ్లానికి రాసిన సూత్రంలో పదం చివర అనే షరతు ఉంటే, తెలుగులో అది పదం నడుమ కూడా వర్తిస్తుంది. లేదా అసలు చివర వర్తించదు. ఆంగ్ల పుస్తకాల కోసం ఎవరో తయారుచేసిన సూత్రాల పట్టికను తెలుగు పుస్తకంపై ఒకేసారి నడపరాదు. ఖాళీ ఉన్నదా, లేదా అనే షరతుతో రాసిన సూత్రాలు తెలుగుకు నమ్మదగినవి.

క్యాలిబర్‌లోనే యూనికోడు అక్షరాలను ఆస్కీలోనికి మార్చే ఎంపిక ఒకటి ఉన్నది. వంపు చిహ్నాలు నచ్చక దానిని ఎంచుకుంటే తెలుగు పాఠమంతా ఆంగ్ల లిపిలోనికి మారిపోతుంది. నిలువు చిహ్నాలే కావాలనుకునేవారికి దానిలో వేరే ఎంపిక ఉన్నది.

ఫైలును శుభ్రపరచేటప్పుడు కంటికి కనిపించని అక్షరాలన్నిటినీ తొలగించడం మరొక పొరపాటు. వాటిలో జీరో విడ్త్ నాన్-జాయినర్ (200సి) తెలుగుకు అవసరమైనది. సాఫ్ట్‌వేర్ అనే పదంలో ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపేది ఇదే. నేటి కథలలో పాత్రలు ఆంగ్ల పదాలు ఎక్కువగా పలుకుతాయి కనుక ఈ నష్టం ముందుగా సంభాషణలలోనే బయటపడుతుంది.

ఒక పాత్ర ప్రసంగం రెండు మూడు పేరాలు సాగినప్పుడు ప్రతి పేరా మొదట ఆరంభ చిహ్నం ఉంచి, చివరి పేరాలో మాత్రమే ముగింపు చిహ్నం ఉంచడం అచ్చు సంప్రదాయం. ఆరంభాలు, ముగింపులు సరిసమానంగా ఉన్నాయా అని లెక్కించే సాఫ్ట్‌వేరు దీనిని తప్పుగా చూపుతుంది. చూపిన ప్రతిచోటా ముగింపు చిహ్నం చేరుస్తూ పోతే, ఒకే పాత్ర ప్రసంగం ఇద్దరి సంభాషణగా మారిపోతుంది.

డాష్‌తో రాసే సంభాషణలు

స్పానిషు, ఫ్రెంచి వంటి భాషలలో సంభాషణను పొడుగు డాష్‌తో మొదలుపెట్టడం ప్రసిద్ధం. ఫ్రెంచిలో « » అనే కోణ చిహ్నాలు కూడా ఉన్నాయి. ఆంగ్లంలో జేమ్స్ జాయిస్ తన రచనలలో డాష్‌నే వాడినాడు. తెలుగు కథలలో కూడా అక్కడక్కడా డాష్ సంభాషణలు కనిపిస్తాయి. అనువాదకులు మూలంలోని డాష్‌ను నిలుపుకోవడం కూడా కలదు.

ఈ పద్ధతిలో మాట ఎక్కడ ముగిసినదో చూపే గుర్తు లేదు. కనుక పేరా విరుపు ఒక్కటే ఆధారం. యూనికోడు పంక్తి విరుపు నియమాల ప్రకారం పొడుగు డాష్‌కు ముందూ వెనుకా కూడా పంక్తి విరగవచ్చు. వాక్యం నడుమ వచ్చిన డాష్ పంక్తి మొదట్లో పడితే అది కొత్త పాత్ర మాటలా కనిపిస్తుంది. దీనిని నివారించడానికి డాష్‌కు ముందు విరగని ఖాళీ (00ఏ0) గానీ, ఖాళీ అక్కరలేని చోట వర్డ్ జాయినర్ (2060) గానీ ఉంచుతారు. మాట ఆరంభంలోని డాష్‌కు అయితే వీటిని తరువాత ఉంచాలి. వర్డులో డాష్‌తో మొదలుపెట్టిన పేరాలను ఆ సాఫ్ట్‌వేరు జాబితాగా పొరబడి బుల్లెట్లుగా మార్చే అవకాశం కూడా ఉన్నది. అప్పుడు ఈ-పుస్తకంలో సంభాషణ అంతా సరుకుల పట్టీలా తయారవుతుంది.

మనసులోని మాటలు, వాలు అక్షరాలు

ఆంగ్ల నవలలలో పాత్ర మనసులో అనుకున్న మాటలను వాలు అక్షరాలలో (ఇటాలిక్స్) చూపుతారు. తెలుగు అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు. చాలా ఖతులలో ప్రత్యేకమైన వాలు రూపం ఉండదు. పరికరం నిలువు అక్షరాన్నే వంచి చూపుతుంది. అలా వంచినప్పుడు తలకట్లు, ఒత్తులు పక్క అక్షరాలపైకి జరిగి చదవడం కష్టమవుతుంది. ఒంటి చిహ్నాలు ఉంచి ‘అనుకున్నాడు’ అని రాసే తెలుగు పద్ధతే ఇక్కడ సరిపోతుంది. ఆంగ్లం నుండి వచ్చిన ఫైలు నమూనాను వాడేవారు ఎంఫసిస్ ట్యాగును అలాగే ఉంచి, సీఎస్ఎస్‌లో దాని రూపాన్ని నిలువుగా మార్చుకోవచ్చు.

ఒంటి చిహ్నం, జంట చిహ్నం పక్కపక్కన ముగిసే చోట మూడు గీతలు కలిసి ఒకే మచ్చలా కనిపిస్తాయి. రెండింటి నడుమ విరగని సన్నని ఖాళీ (202ఎఫ్) ఉంచితే విడిగా కనిపిస్తాయి. మామూలు ఖాళీ ఉంచితే చివరి చిహ్నం ఒంటరిగా తరువాతి పంక్తికి జారిపోతుంది.

మూడు చుక్కల విషయంలో వారపత్రికల నవలలది ప్రత్యేక లోకం. మాట తడబడినా, ఆగినా, ఏడ్చినా చుక్కలే. కొన్నిచోట్ల ఐదు, ఆరు, ఎనిమిది చుక్కలు కూడా కనిపిస్తాయి. వీటిని మూడుకు కుదించడం సంపాదకీయ నిర్ణయం, మార్పిడి పని కాదు. రచయిత గానీ హక్కుదారు గానీ అంగీకరించిన తరువాతే చేయాలి.

నాటకాలు, పద్యాలు

నాటకంలో సంభాషణకు కొటేషన్లు ఉండవు. పాత్ర పేరు, దాని తరువాత కోలన్ లేదా డాష్, ఆపై మాట ఉంటాయి. పాత అచ్చులలో కోలన్, డాష్ రెండూ కలిపి ఉంచడం కూడా కద్దు. అచ్చులో పేర్లు ఒక నిలువు వరుసలోనూ మాటలు మరొక వరుసలోనూ ఉండడం చూసి, ఈ-పుస్తకంలో పట్టిక (టేబుల్) గీస్తారు. ఫోను తెరపై ఇది పనికిరాదు. అగ్నిహోత్రావధానులు, రామప్పంతులు వంటి పొడవైన పేర్లకే సగం తెర పోయి, మాటలు పదానికొక పంక్తిగా దిగుతాయి. దీనికి బదులు ఒక్కొక్క మాటను ఒక పేరాగా ఉంచి, పేరును బొద్దు అక్షరాలలో ఇచ్చి, మొదటి పంక్తి తప్ప మిగిలినవి లోపలికి జరిగేలా (ఎడమ అంచు పెంచి, టెక్స్ట్-ఇండెంట్‌ను అంతే రుణసంఖ్యగా ఇచ్చి) అమర్చాలి.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో మొదటిసారి, పెంచి మార్చిన రూపంలో 1909లో అచ్చయినది. మార్పిడి చేసేవారికి ఇది మంచి పరీక్ష. గిరీశం మాటలలో ఆంగ్లం విస్తారంగా కలుస్తుంది. ఆంగ్ల లిపి ఉన్న ప్రతిని తీసుకుంటే ఆ భాగాలకు ఆంగ్ల భాషా సంకేతం, మిగిలిన వాటికి తెలుగు భాషా సంకేతం ఇవ్వాలి. పాత్రల మాండలిక ఉచ్చారణను చూపే రాతను అక్షరదోషాలుగా భావించి దిద్దరాదు. స్పెల్ చెకర్ ఎర్రగీత గీసిన ప్రతి పదమూ తప్పు కాదు. రంగస్థల సూచనలను (తనలో, ప్రకాశముగా, నిష్క్రమించును వంటివి) బ్రాకెట్లలోనే ఉంచి, ఒక ప్రత్యేక స్టైలు ఇస్తే తరువాత రూపం మార్చుకోవడం సులువు. తనలో అనే సూచన జారిపోతే, ఎదుటి పాత్ర వినకూడని మాట విన్నట్లవుతుంది.

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’ వంటి పౌరాణిక నాటకాలలో సంభాషణలోనే పద్యాలు వస్తాయి. పద్యపాదం తెర వెడల్పు కంటే పొడవుగా ఉంటుంది కనుక విరిగిన భాగం లోపలికి జరిగి కనిపించాలి. లేకపోతే నాలుగు పాదాల పద్యం ఏడెనిమిది పాదాలుగా తోచును. పాదాల చివర ఎంటర్ నొక్కకుండా పంక్తి విరుపు (బీఆర్) ఇచ్చి పద్యాన్ని ఒకే పేరాగా ఉంచితే ఈ అమరిక కుదరదు. ప్రతి పాదాన్నీ విడి పేరాగా ఉంచి, అన్నిటినీ ఒక డివ్‌లో చేర్చడం ఉత్తమం.

చదివి వినిపించే సాధనాలు

చూపు లేనివారు, చూపు తగ్గినవారు ఈ-పుస్తకాలను స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు. వారికి పేరా అమరిక, ఖతి, వంపు ఏవీ కనిపించవు. ప్రశ్నార్థకం వద్ద స్వరం మారడం, చుక్క వద్ద ఆగడం మాత్రమే తెలుస్తుంది. తెలుగు భాషా సంకేతం లేని ఫైలును సాధనం ఆంగ్ల గొంతుతో చదవబోయి తెలుగును వదిలివేయవచ్చు. కొటేషన్ బదులు రెండు కామాలు ఉంటే మాట మొదట్లోనే అనవసరంగా ఆగుతుంది. అలంకారం కోసం పాత్ర మాటల ముందు బొమ్మలో చిహ్నాన్ని ఉంచితే, ఆ బొమ్మకు వివరణ లేనప్పుడు ఫైలు పేరునే చదివి వినిపించవచ్చు. వినేవారికి “అన్నాడు”, “అన్నది” అనే పదాలే దారిచూపే గుర్తులు. అవి లేని వరుస సంభాషణలలో పేరా విరుపులు సరిగా ఉండడం మరింత ముఖ్యం.

తనిఖీ

పని వరుస కూడా ముఖ్యమే. మూల ఫైలు నకలు విడిగా భద్రపరచి, ముందుగా సంకేత పద్ధతిని యూటీఎఫ్-8కి మార్చాలి. తరువాత విరిగిన పేరాలను అతికించి, ఆ తరువాతే ఖాళీలను సరిచేసి, చివరగా చిహ్నాలను మార్చాలి. చిహ్నాలను ముందే మార్చి తరువాత పేరాలు అతికిస్తే, పంక్తి మొదట్లో ఆరంభ చిహ్నాలుగా మారిన ముగింపు చిహ్నాలు వాక్యం నడుమ మిగిలిపోతాయి.

సిగిల్ వంటి ఈపబ్ ఎడిటరులో ఈ కింది వాటిని వెదికితే తప్పులు చాలావరకు దొరుకుతాయి: ఖాళీ తరువాత వచ్చిన ముగింపు చిహ్నం, ఖాళీకి ముందున్న ఆరంభ చిహ్నం, ఒకే పేరాలో ముగింపు లేకుండా వరుసగా వచ్చిన రెండు ఆరంభ చిహ్నాలు, మిగిలిపోయిన నిలువు చిహ్నాలు, వరుసగా ఉన్న రెండు ఒంటి చిహ్నాలు. అన్నిటినీ మార్చు అనే మీటను నొక్కకుండా ఒక్కొక్కటిగా చూసి మార్చాలి. 200 పుటల నవలకు ఇది ఒక పూట పని. ఆ తరువాత పుస్తకాన్ని కనీసం ఒక ఫోనులోనూ, ఒక ఈ-రీడరులోనూ తెరిచి, అక్షర పరిమాణాన్ని పెంచి, సంభాషణలు ఎక్కువగా ఉన్న ఒక అధ్యాయాన్ని అచ్చు ప్రతితో సరిపోల్చి చదవాలి. అక్షర పరిమాణం పెంచినప్పుడే ఒంటరి డాష్‌లు, పంక్తి మొదటికి జారిన ముగింపు చిహ్నాలు కనిపిస్తాయి.